బండి ఆగాక

ఒక్క రోజు ఆగుదామని పోరు పెట్టింది నేనే. ఈ మాట ముందే రాస్తున్నాను. చివర్లో రాస్తే తప్పు దాచుకున్నట్టు ఉంటుంది.

అప్పటికి తొమ్మిది రోజులుగా కారులో పోతున్నాం. పరాయి దేశం, అద్దె కారు, ఎంత పోయినా తరగని రోడ్డు. ఈ సముద్రం దగ్గర మొదలుపెట్టి ఆ సముద్రం దాకా ఇరవై రోజుల ప్రయాణమని మా అల్లుడు పటం మీద ఎర్ర గీత గీసి చూపించాడు. అతనికి డ్రైవింగ్ స్కూలు ఉంది. మా పేటలో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది అతనే, అందరూ మాస్టారనే పిలుస్తారు. స్కూలు పెట్టి పదేళ్లయిందని ఈ ప్రయాణం పెట్టుకున్నాడు. మొగుడూ పెళ్లాం వెళ్తారులే అనుకుంటే, అమ్మ వస్తేనే వస్తానని మా అమ్మాయి మొండికేసింది. నా మీద ప్రేమనుకుని నాలుగు రోజులు వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

నేను బట్టలు కుడతాను. చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. మా ఆయన పోయింది రోడ్డు మీదే. తూగుతున్న లారీ డ్రైవరు ఆయన స్కూటరు మీదుగా బండి పోనిచ్చాడు. గుర్తుపట్టమని నన్ను తీసుకెళ్లినప్పుడు ముఖమన్నది లేదు. చొక్కా కాలరు తిరగేసి నా కుట్టు చూసి, ఈయనే అని చెప్పాను. ఆ రోజు నుంచి స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి ఆవలిస్తే చాలు, చేతికందింది గట్టిగా పట్టుకుంటాను. తొమ్మిది రోజులూ వెనక సీట్లో కూర్చుని ఎదురొచ్చే ప్రతి లారీకీ చచ్చి బతికాను. కారు పల్టీ కొట్టడం, అద్దం పెంకు అమ్మాయి మెడలో దిగడం, ఎవరో మళ్లీ నన్ను పిలిచి గుడ్డ పైకెత్తి చూపించడం, అన్నీ కళ్లు తెరిచే చూశాను.

అల్లుడు నన్ను ‘వార్తలు’ అని ఏడిపించేవాడు.

“అత్తయ్యా, వార్తలు చదవండి. ఈ రోజు ఎంతమందిని పోగొట్టారు?”

“నవ్వండి బాబూ, నవ్వండి. కళ్లు ఎలా ఎర్రబడ్డాయో ఆ అద్దంలో చూసుకోండి ఒకసారి.”

“అద్దం వెనకొచ్చే బండిని చూడ్డానికండీ, అందం చూసుకోడానికి కాదు.”

నేనే నవ్వేసేదాన్ని. మంచి మాటకారి. పైగా ఓర్పు. అతని స్కూల్లో ఒక పద్ధతి ఉంది. బండి నడుస్తుండగా నేర్చుకునేవాణ్ణి పల్లెత్తు మాట అనడు. గేరు తప్పు వేసినా, ఎదురుగా పోయి స్తంభానికి గుద్దినంత పని చేసినా, “సరే, బండి ఆగాక చెప్తాను” అంటాడు, అంతే. కంగారు పెడితే ప్రాణాలు పోతాయని అతని సిద్ధాంతం. ఆ ఓర్పు చూసే మా అమ్మాయిని ఇచ్చాను.

దారి చెప్పే పని మా అమ్మాయిది. ముందు సీట్లో కూర్చుని ఫోనులో పటం చూసి చెప్పేది. వాళ్ల నాన్న దాన్ని గువ్వ అని పిలిచేవాడు, నాకూ అదే నోటికి అలవాటు. ఎనిమిదో రోజు ఒక పెద్ద వంతెన దాటాక ఎడమకి తిరగాల్సిన చోట కుడి అని చెప్పింది. గంటసేపు దారి తప్పాం. నేను ఇంక తిట్లు మొదలవుతాయని సీటు పట్టుకున్నాను. అతను నవ్వుతూ, “సరే స్టూడెంట్ గారూ, బండి ఆగాక చెప్తాను” అన్నాడు. మా ఆయనయితే నన్ను స్కూటరు మీంచి దింపేసేవాడు అనుకున్నాను. గువ్వ కమీజు చేతులు వేళ్ల దాకా లాక్కుంది. ఏసీ చలి అనుకుని నా శాలువా ఇచ్చాను.

బండి ఆగాక అన్న ఆ మాట ఆ తొమ్మిది రోజుల్లో ఎనిమిది సార్లో, తొమ్మిది సార్లో విన్నాను. బండి ఆగేది. తినేవాళ్లం. కొత్త చోట ఒంటరిగా పడుకోవడం నాకు భయం కాబట్టి ముగ్గురం ఒకే గదిలో పడుకునేవాళ్లం. అతను ఏమీ చెప్పేవాడు కాదు. మర్చిపోయాడు పాపం అనుకునేదాన్ని.

తొమ్మిదో రోజు అతను రెండు సార్లు ఆవలించాడు. ఇంక నేను ఊరుకోలేదు.

“ఒక రోజు ఆగుదాం. బండికీ విశ్రాంతి, మనిషికీ విశ్రాంతి.”

“వద్దమ్మా,” అంది గువ్వ వెంటనే. “ఆగితే బద్ధకం వస్తుంది. పోదాం.”

“బద్ధకం వస్తే వచ్చింది, ప్రాణాలు పోవుగా.”

“పోదాం అమ్మా, ప్లీజ్.”

“అత్తయ్య మాట వినాలి,” అన్నాడు అల్లుడు. “రేపంతా ఖాళీగా ఉందాం. పాఠాలు కూడా చాలా బాకీ ఉన్నాయి. కదండీ స్టూడెంట్ గారూ?”

మధ్యాహ్నానికే హైవే పక్కన ఒక లాడ్జి దగ్గర కారు ఆపాడు. పొడుగ్గా ఒకే వరస, పన్నెండు తలుపులు, ప్రతి తలుపు ముందూ ఒక కారు నిలిపే చోటు. అక్కడ నేను ఇంకో తెలివైన పని చేశాను. రెండు గదులు తీసుకోమన్నాను. పెళ్లయి నాలుగేళ్లు, ఇంకా పిల్లాజెల్లా లేరు, ముసలిదాన్ని మధ్యలో దిండులాగా పడి ఉంటే ఎలా అని. భయమేసినా పళ్లు బిగబట్టి పడుకుంటానని చెప్పాను. గువ్వ నా వైపు చూసిన చూపు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు సిగ్గనుకున్నాను.

ఆ సాయంత్రం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. తొమ్మిది రోజుల తరువాత మొదటిసారి, ఎవరూ బండి నడపడం లేదు కాబట్టి.

పొద్దున్న లేచేసరికి ఎండ గదిలోకి వచ్చింది. బయట అల్లుడు కారు బానెట్ తెరిచి నూనె చూస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“నిద్ర పట్టిందా అత్తయ్యా?”

“హాయిగా బాబూ. మీకు?”

“మాదేముంది. మీ స్టీలు కంచం ఉంది కదా, ఒకసారి ఇస్తారా?”

ఎక్కడికి వెళ్లినా నా కంచం నేను తెచ్చుకుంటాను. ఎవరో తిన్న పళ్లెంలో తినలేను. అల్లుడు నా కంచం అడిగాడు కదా అని పొంగిపోయి, కడిగి, తుడిచి మరీ ఇచ్చాను.

వరస చివర బట్టలు ఉతికే గది ఉంది. రెండు మెషీన్లు, గోడకి బిగించిన ఇస్త్రీ బల్ల, గొలుసు కట్టని ఒక పాత ఇస్త్రీ పెట్టె. చేతికి బరువు తెలిసే రకం, నాకు నచ్చింది. ముగ్గురి మాసిన బట్టలూ మూట కట్టుకుని వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. హైవే మీద లారీల చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది, కానీ ఆ రోజు వాటితో నాకు పని లేదు. తీరిగ్గా ఒక్కొక్కటే విప్పి, జేబులు చూసి, మెషీన్‌లో వేస్తున్నాను.

గువ్వ నిన్న వేసుకున్న ఆకుపచ్చ కమీజు చేతికొచ్చింది. చంక దగ్గర జానెడు చిరుగు.

ఆ కమీజు కుట్టింది నేనే. చంక దగ్గర ఎప్పుడూ రెండు కుట్లు వేస్తాను. గడియకో, కారు తలుపుకో తగులుకుంటే ముందు తెగేది కుట్టు, దారం వేలాడుతుంది. ఇక్కడ కుట్టు చెక్కుచెదరలేదు. కుట్టు పక్కన గుడ్డ చిరిగింది. అలా చిరగాలంటే లోపలున్న మనిషి ఒకవైపు పోతుంటే, ఇంకొకరు పట్టుకుని రెండో వైపు లాగాలి. ఇరవై ఏళ్లలో ఇలాంటి చిరుగులు నా మెషీను మీదికి చాలా వచ్చాయి. తెచ్చిన ఆడవాళ్లు మేకుకి తగిలిందనే చెప్పేవాళ్లు. నేను మాసిక వేసి ఇచ్చేసేదాన్ని.

మెడ లోపలి వైపు నాలుగు వెంట్రుకలు, కుదుళ్లతో సహా.

నా బుర్ర మొదట ఎటు పోయిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిన్న పెట్రోలు బంకులో ఎవరో దొంగ దీని మీద పడి ఉంటాడు, చెప్పడానికి భయపడి దాచింది అనుకున్నాను. అదే అనుకుంటూ బయటికి రాబోతుంటే గువ్వే లోపలికి వచ్చింది.

“ఇవి కూడా ఉన్నాయమ్మా,” అని రెండు తువ్వాళ్లు అందించింది.

“ఇదెలా చిరిగిందే?”

“కారు తలుపుకి తగిలింది.”

“తలుపుకి తగిలితే కుట్టు పోతుంది. ఇది గుడ్డ.”

“అబ్బ, నీకు అన్నీ అనుమానాలే. తలుపులకి కూడా కుట్టు పని తెలుసా ఏంటి?” అని నవ్వింది. ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. తువ్వాళ్లు కూడా వేసి మీట నొక్కాను. గువ్వ మెషీను గుండ్రంగా తిరగడం చూస్తూ నిలబడింది. “ఇది ఎంతసేపు పడుతుంది?”

“ముప్పావు గంట.”

“నేనూ ఇక్కడే ఉంటాను. నీకు భయం కదా ఒక్కదానివే.”

“పగలేగా. వెళ్లి పడుకో.”

“అమ్మా, ఈ రాత్రికి నా దగ్గర పడుకుంటావా?”

నేను నోరు తెరిచేలోగా బయట నుంచి అల్లుడి గొంతు వినిపించింది. ఏ మాత్రం పెద్దది కాదు, నింపాదిగా.

“స్టూడెంట్ గారూ, క్లాసు టైమయింది.”

గువ్వ తల దించుకుని వెళ్లిపోయింది. పిలిస్తే బడికి వెళ్లే పిల్లలా వెళ్లింది. తలుపు మూసుకున్న చప్పుడు.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టాను. చేతులకి పని ఉంటే బుర్ర కుదుటపడుతుందని. అరలో లాడ్జివాళ్లవి ఆరిన తువ్వాళ్లు గుట్టగా ఉంటే, వాటినే బల్ల మీద పరిచాను. నా బతుకంతా భయపడ్డాను. పిల్లకి జ్వరమొస్తే పోతుందనుకున్నాను, కాలేజీ నుంచి పావుగంట ఆలస్యమైతే ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. ఒక్కటీ జరగలేదు. ఇది కూడా అలాంటిదే అని నాకు నేను చెప్పుకుంటూ తువ్వాలు ఇస్త్రీ చేశాను. రెండోది చేశాను. మూడోది చేస్తుండగా బండి ఆగాక అన్న మాట చెవిలో పడ్డట్టయింది, ఎవరూ అనలేదు. బండి ఇప్పుడు ఆగి ఉంది. ఆపించింది నేనే.

ఇస్త్రీ పెట్టె అలాగే నిలబెట్టి నా గదిలోకి పోయాను. మా రెండు గదులకీ మధ్య గోడ పలచన. చెవి ఆనించాను.

“ఎనిమిదో రోజు. వంతెన దాటాక. ఏం చెప్పావు?”

“కుడి.”

“ఏం చెప్పాలి?”

“ఎడమ.”

ధబ్ మని ఒక చప్పుడు. పరుపు మీద దిండు కొట్టినట్టుంది కానీ దిండు మూలగదు. ఆ వెంటనే గచ్చు మీద నా కంచం పడింది. దొర్లి దొర్లి గిరగిరా తిరిగి ఆగింది.

“తియ్యి. ఎవరు పడెయ్యమన్నారు? పట్టుకో. పదీ, రెండూ.”

అతని స్కూల్లో మొదటి వారం కారు ఇవ్వరు. స్టీరింగ్ బదులు చేతికి కంచం ఇచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. గడియారంలో పది, రెండు అంకెలుండే చోట వేళ్లు పెట్టి పట్టుకోవాలి. పెద్ద పెద్ద మీసాలవాళ్లు వరసగా కంచాలు పట్టుకుని కూర్చుంటే ఒకసారి చూసి పొట్ట పట్టుకుని నవ్వాను.

“నాలుగో రోజు. పెట్రోలు బంకు దగ్గర. ఎవడితో నవ్వావు?”

“నవ్వలేదండీ. ఆయన దారి చెప్...”

మళ్లీ అదే చప్పుడు. ఈసారి రెండు.

“నేను అడిగింది ఎవడితో అని.”

గొంతు ఎక్కడా పెరగలేదు. లెక్కలు చెప్పే మాస్టారిలా ఒక్కొక్క రోజూ, ఒక్కొక్క మలుపూ గుర్తుపెట్టుకుని, తీరిగ్గా అడుగుతున్నాడు. తొమ్మిది రోజులు ఏదీ మర్చిపోలేదు. మా అమ్మాయి నన్ను ఈ ప్రయాణానికి ఎందుకు తెచ్చుకుందో ఆ గోడకి చెవి ఆనించి నిలబడ్డప్పుడు తెలిసింది. నేను మధ్యలో దిండులా పడి ఉండడానికే.

పరుగెత్తి వాళ్ల తలుపు కొట్టాను. కాసేపటికి తెరిచాడు, జానెడు మాత్రమే. నుదురంతా చెమట, ముఖాన అదే నవ్వు.

“ఏంటి అత్తయ్యా? ప్రత్యేక వార్తలా?”

“గువ్వ ఏది?”

“తలనొప్పని పడుకుంది.”

“ఒకసారి చూస్తాను.”

“తలనొప్పమ్మా,” అని లోపల నుంచి గువ్వ గొంతు. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టుంది.

“విన్నారుగా. అత్తయ్యా, మీకు భయం ఎక్కువ. వెళ్లి కాస్త టీ తాగండి.” తలుపు మూశాడు. గడియ పడింది. టీవీ పెట్టాడు, గట్టిగా.

ఆఫీసు గదిలోకి పరుగెత్తాను. కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ అక్కడ కూర్చుని ఉంది, లాడ్జి ఆవిడదే. ఈ దేశంలో పోలీసులకి ఏ నెంబరు కొట్టాలో నాకు తెలియదు. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. గది వైపు చెయ్యి చూపించి, నా చెంప మీద నేనే కొట్టుకుని చూపించాను. మళ్లీ కొట్టుకున్నాను. గట్టిగా, కళ్లలో నీళ్లు వచ్చేట్టు. ఆవిడ అయ్యో అన్నట్టు ముఖం పెట్టి, సొరుగు లాగి, పంటి నొప్పి మాత్ర తీసి, గ్లాసుతో మంచినీళ్లు కూడా ఇచ్చింది.

ఆ మాత్ర చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. మళ్లీ ఆ గోడ దగ్గరికి పోలేకపోయాను. బట్టల గదిలోకి పోయాను. ఇస్త్రీ పెట్టె ఎర్ర దీపం వెలుగుతోంది. వేడి ముల్లు చివరి దాకా తిప్పాను. ఉమ్మితే చుయ్ మంది. తీగ పీకి పిడి చుట్టూ చుట్టి, దాని మీద మడత పెట్టిన తువ్వాళ్లు బోలెడు కప్పి, రెండు చేతులా పట్టుకుని నడిచాను. ఇరవై ఏళ్లుగా రోజూ పట్టుకున్న బరువు.

“ఏవండీ అల్లుడుగారూ, ఉతికిన బట్టలు.”

“అక్కడ పెట్టండి.”

“కింద మట్టిగా ఉంది బాబూ. తీసుకోండి, వెళ్లిపోతాను.”

తలుపు తెరుచుకుంది. తీసుకోవడానికి చెయ్యి చాచాడు. తువ్వాళ్లు వదిలేసి ఆ మణికట్టు మీద పెట్టె అదిమాను. ఎత్తలేదు. చొక్కా చెయ్యి కాలిన వాసన, ఆ వెనకే చర్మం వాసన. వాడు అరిచిన అరుపుకి టీవీ వినపడకుండా పోయింది. నేను తలుపు భుజంతో తోసి లోపల పడ్డాను.

గది మధ్యలో కుర్చీ. కుర్చీలో గువ్వ. పై పెదవి చీలి నెత్తురు గడ్డం మీద నుంచి కంచంలో పడుతోంది. అంత జరుగుతున్నా రెండు చేతులూ కంచం మీద పదీ రెండు దగ్గరే ఉన్నాయి. వదల్లేదు. అదే నా గుండెలో దిగింది. వీపు మీద కొట్టడానికి తువ్వాలు ముడివేసి తడిపి పెట్టుకున్నాడు. గుర్తులు పడకుండా.

“లే,” అన్నాను. అది లేవలేదు. “లేవే, బయటికి నడు!”

వాడు వెనక నుంచి నా జుట్టు ముడి పట్టుకున్నాడు. తల వెనక్కి లాగి గోడ అంచుకేసి కొట్టాడు. ఒకసారి. కళ్లముందు తెల్లగా అయింది. ఇస్త్రీ పెట్టె చేతిలోంచి జారింది. రెండోసారి కొట్టాడు. నోట్లో ఏదో విరిగింది, నాలుక మీద రాయిలా తగిలింది. “మీ ఇంటి నుంచి వచ్చింది ఇది, బుద్ధి లేని పుట్టుక,” అంటున్నాడు, గొంతు ఇప్పుడు పెరిగింది. “ఆగమన్నారుగా! ఆగాం! ఆగాం!” అంటూ మూడోసారి కొట్టాడు. కింద పడ్డాను. పక్కటెముకల్లో తన్నాడు. ఊపిరి పోయి మళ్లీ రాలేదు. చావంటే ఇదేనా, ఇంత చిన్న గదిలోనా అనుకున్నాను. అది గుర్తుంది.

ఆ తరువాత వాడు పడ్డాడు. నా పక్కనే, దుంగలా.

తలెత్తి చూస్తే గువ్వ నిలబడి ఉంది, చేతిలో ఇస్త్రీ పెట్టె. వాడి మోకాలు పక్కకి తిరిగి ఉంది, మోకాలు తిరగకూడని వైపుకి. వాడు పాకబోయాడు. అది రెండు చేతులా పెట్టె ఎత్తి వాడి భుజం మీద వేసింది. ఎండిన కొమ్మ విరిగినట్టు వినిపించింది. వాడు ఏడుస్తున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుస్తూ వద్దంటున్నాడు.

“ఏం చెప్పాను?” అంది గువ్వ. అచ్చం వాడి గొంతే. నింపాదిగా, పాఠం అడుగుతున్నట్టు. “కుడి చెప్పానా, ఎడమ చెప్పానా? చెప్పు. ఏం చెప్పాను?”

మళ్లీ ఎత్తింది. ఈసారి వాడి తల మీదికి.

ఇన్నేళ్లుగా నేను భయపడని భయం అది ఒక్కటే. దీన్ని ఎవరో చంపుతారని భయపడ్డాను కానీ ఇది ఎవరినైనా చంపుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఒళ్లు కదలడం లేదు. ఒక్క కుడి చెయ్యి కదిలింది. ఆ చెయ్యి తీసుకెళ్లి వాడి నుదుటి మీద పెట్టాను.

పెట్టె నా చేతి మీద పడింది.

నేను అరవలేదని లాడ్జి ఆవిడ తరువాత పోలీసులకి చెప్పిందట. నాకు తెలియదు. గువ్వ అరిచింది. అది తన సొంత గొంతుతో అరిచింది.

“అమ్మా! చెయ్యి తియ్యి! తియ్యమ్మా!”

“తియ్యను.”

“తియ్యి, నీకు దణ్ణం పెడతాను, తియ్యి!”

“వాడు చస్తే నిన్ను ఇక్కడే ఉంచేస్తారే,” అన్నాను. నోట్లో పన్ను ముక్క ఉమ్మేసి చెప్పాను. “ఈ దేశం జైల్లో. చూడ్డానికి రావాలన్నా నాకు భాష రాదు. ఏ బస్సు ఎక్కాలో కూడా తెలీదు. ఎవరిని అడగనే?”

అది నన్ను చూసింది. పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. నా వేళ్లు చూసింది. మధ్య మూడూ ఎటు వాటికి అటు తిరిగి ఉన్నాయి. పెట్టె నెమ్మదిగా మంచం మీద పెట్టింది. పరుపు కాలుతుందని నాకు తోచింది, ఆ సమయంలో కూడా. కింద కూర్చుని నా తల ఒళ్లో పెట్టుకుంది. తలుపు దగ్గర లాడ్జి ఆవిడ, ఆవిడ వెనక ఇద్దరు ముగ్గురు లాడ్జిలో ఉండేవాళ్లు. ఆవిడ ఫోనులో అరుస్తోంది. ఆవిడ చెంప మీద ఆవిడే కొట్టుకుంటోంది, నేను చూపించినట్టే. ఇప్పుడు అర్థమైందన్న మాట.

పోలీసులు, అంబులెన్సు వచ్చి వాణ్ణి ముందు తీసుకుపోయారు. స్ట్రెచర్ మీద కూడా నన్ను చూసి, “అత్తయ్యా, మీకు తలకి దెబ్బ తగిలింది, మీరు ఏదో పొరబడుతున్నారు, వాళ్లకి సరిగ్గా చెప్పండి” అన్నాడు. అంత నొప్పిలో కూడా అండీ గిండీ మర్చిపోలేదు.

మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. అంబులెన్సులో వచ్చిన ఒకావిడ నా చేతికి చెక్క కట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లే బండి ఇంకొకటి వస్తోందని సైగ చేసింది. పోలీసుల్లో ఒకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకొకావిడ బల్ల మీద ఫోను పెట్టి ఏదో నొక్కింది. అందులోంచి తెలుగు వచ్చింది.

“నమస్కారమమ్మా. నేను తర్జుమా చేసే మనిషిని. మీరు చెప్పింది వాళ్లకి, వాళ్లడిగింది మీకు చెప్తాను. వినపడుతోందా?”

వినపడుతోందని చెప్పాను. ఎవరో ముక్కూ మొహం తెలియని వాడు అమ్మా అంటే అప్పుడు ఏడుపొచ్చింది.

“ఆ మనిషిని ఎవరు కొట్టారని అడుగుతున్నారమ్మా.”

“నేనే. ఇస్త్రీ పెట్టెతో. అంతా నేనే. మా అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు.”

అతను ఆ ముక్క వాళ్ల భాషలో చెప్పాడు. పోలీసావిడ నా చెక్క కట్టిన కుడి చెయ్యి చూసింది. నన్ను చూసింది. ఏదో అడిగింది.

“మోకాలు, భుజం కూడా మీరేనా అంటున్నారు.”

“అన్నీ నేనే.”

“మరి మీ చెయ్యి ఎవరు విరగ్గొట్టారంటున్నారు.”

గువ్వ బల్ల మీది ఫోను తన వైపు లాక్కుంది.

“ఏవండీ, మా అమ్మ చెప్పింది సగం. మణికట్టు కాల్చింది అమ్మ. మోకాలు, భుజం నేను. అమ్మ చెయ్యి కూడా నేనే. చంపేసేదాన్నే, అమ్మ అడ్డం పెట్టింది. ఇలాగే రాసుకోమనండి.”

“గువ్వా, నోరు ముయ్యవే!”

“ముయ్యనమ్మా.” కుట్లు పడని పెదవితో చెబుతోంది, మాట మాటకీ నెత్తురు చిమ్ముతోంది. “నువ్వు కాసేపు ఊరుకో. ఏవండీ, తర్జుమా చెయ్యండి.”

ఫోనులో మనిషి నెమ్మదిగా అంతా చెప్పాడు. పోలీసావిడ రాయడం ఆపి గువ్వ ముఖం చూసింది, మెడ చూసింది. తన కుర్చీ దగ్గరికి జరుపుకుని చిన్నగా ఏదో అంది.

“కొట్టడం ఈ రోజేనా, ఇంతకు ముందూ ఉందా అని అడుగుతున్నారమ్మా. ఉంటే మొదటి నుంచీ చెప్పమంటున్నారు. తొందరేమీ లేదంటున్నారు.”

గువ్వ నా వైపు తిరిగింది. “నువ్వు బయట కూర్చుంటావా? నువ్వు వినలేవు.”

“చెప్పు,” అన్నాను.

“మొదటి నుంచంటే పెళ్లయిన పదహారో రోజండీ,” అంది ఫోనుతో. “స్కూటరు నేర్పిస్తానని గ్రౌండుకి తీసుకెళ్లాడు. నేను బ్రేకు బదులు...”

“కాస్త ఆగమ్మా. ఇంతవరకు వాళ్లకి చెప్పనివ్వండి.”

అతను చెబుతున్నంతసేపూ అది ఆగింది. నా ఎడమ చెయ్యి పట్టుకుని ఉంది, నొప్పి పుట్టేంత గట్టిగా. పోలీసావిడ తల ఊపి రాసుకుంది.

“ఆ, చెప్పమ్మా. బ్రేకు బదులు?”

“యాక్సిలరేటరు తిప్పాను,” అంది గువ్వ. “అప్పుడు బండి పక్కన పెట్టమన్నాడు.”